కోతపండుగలో కుందేలు

మా కాలేజీలో పిల్లల హాజరు ఎవరూ సరిగ్గా చూడరు గాని, ఎలుకల హాజరు మాత్రం నేను రోజూ చూస్తాను. రాజమండ్రి పొలిమేరల్లో ఉన్న ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో యానిమల్ హౌస్ కాగితాలన్నీ నా బాధ్యత. ఏ గదిలో ఎన్ని ఎలుకలున్నాయి, ఎన్ని కుందేళ్ళున్నాయి, గది వేడి ఎంత, బోనుల్లో పరిచే వరి ఊకను ఆవిరిలో శుద్ధి చేశారా లేదా, ఏ ప్రయోగానికి కమిటీ ఎన్ని జంతువులను అనుమతించింది, ఎన్ని వాడారు, చివరికి అవి ఏమయ్యాయి, ఇవన్నీ రాసి సంతకాలు పెట్టించి ఢిల్లీకి పంపాలి. పంపకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఒక్క ఎలుకను కూడా ముట్టుకోవడానికి వీల్లేదు.

చుట్టాల్లో ఎవరైనా అడిగితే మాత్రం "కాలేజీ ఆఫీసులో పని" అని ఊరుకుంటాను. ఒకసారి ఒక పెళ్ళి భోజనాల్లో నిజం చెప్పాను. పక్కన కూర్చున్నావిడ కలుపుతున్న ముద్ద ఆపేసి, "అయితే వాటిని చంపేది మీరేనాండీ?" అంది. చంపేది నేను కాదు, చంపారని రాసేది నేను. ఆ తేడా ఆవిడకు వివరించబోయి, నా మాటలు నాకే సిగ్గనిపించి మానేశాను. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

ప్రయోగం ముగిశాక జంతువు ఏమైందో రాయడానికి ఒక గడి ఉంటుంది. నేను చేరినప్పటినుంచి ఆ గడిలో ఒకటే మాట రాస్తూ వచ్చాను. మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇచ్చి, నొప్పి తెలియకుండా ప్రాణం తీసి, పసుపు సంచిలో వేసి, ఆసుపత్రుల చెత్త పట్టుకెళ్ళే బండికి అప్పగిస్తారు. అది నేరం కాదు, పద్ధతి. ఆ పద్ధతికి నేను బాగానే అలవాటు పడ్డాను. ఆ అలవాటు చెడగొట్టింది మా కమిటీలో ఉన్న పశువుల డాక్టరు గారు. జంగారెడ్డిగూడెం వైపు ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, పెద్దగా మాట్లాడరు. ఒక మీటింగులో మాత్రం ఉన్నట్టుండి గొంతు సవరించుకున్నారు.

"ప్రయోగం అయ్యాక ఆరోగ్యంగా ఉన్న జంతువుని మంచి ఇంటికి ఇవ్వొచ్చని రూల్లోనే ఉందండి. ఉన్న రూలు మనం ఎందుకు వాడుకోమండి?"

అప్పటికి మా దగ్గర నాలుగు తెల్ల కుందేళ్ళున్నాయి. ఒక మాత్ర రక్తంలో ఎంతసేపు నిలుస్తుందో చూసే ప్రయోగంలో, పోల్చి చూడటానికి మందేమీ ఇవ్వకుండా ఉంచినవి. వాటికి ఏ జబ్బూ లేదు. కమిటీ కాసేపు మల్లగుల్లాలు పడి ఒక మాట మీదికొచ్చింది. ముందు ఒక్క కుందేలును ఒక ఇంటికి ఇచ్చి కొన్ని నెలలు చూడాలి. అది క్షేమంగా ఉంటే మిగతా మూడూ ఇళ్ళకు వెళతాయి. లేదంటే మామూలు పద్ధతే. నమ్మకమైన ఇల్లు ఎక్కడ దొరుకుతుందని ఎవరో అడిగితే, మినిట్స్ రాస్తున్న నేనే తలెత్తి, "మా పిన్ని ఉందండి," అన్నాను.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. మొగల్తూరు దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటుంది. మిషన్ బడిలో ఆయాగా చేసి మానేసింది. పిల్లల్లేరు, బాబాయి పోయి చాలా కాలమైంది. బతికున్న ప్రాణి ఏది కనబడినా దానికింత పెట్టందే ఆమె చెయ్యి ఊరుకోదు. డాక్టరు గారు స్వయంగా ఆ ఇంటికి వచ్చారు. పెరడంతా తిరిగి బోనుకు వేసిన ఇనుప వల గుంజి చూశారు. ముంగిసలు తిరుగుతాయా, వీధికుక్కలు గోడ దూకుతాయా, మధ్యాహ్నం ఎండ ఎటు పడుతుంది అని ప్రశ్న మీద ప్రశ్న వేశారు. పిన్ని ఆయన వెనకాలే కాఫీ గ్లాసు పట్టుకుని తిరుగుతూ జవాబులు చెప్పింది. చివరికాయన నా వైపు తిరిగి, "మీ పిన్నిగారి పెరడు మన యానిమల్ హౌస్ కంటే నయమండి," అన్నారు. నాకు గర్వంగా అనిపించింది.

హామీపత్రం ఇంగ్లీషులో ఉంటే అరుగు మీద కూర్చోబెట్టి నేనే తెలుగులో చెప్పాను. అమ్మకూడదు, చంపకూడదు, కోసుకోకూడదు, ఇంకెవరికీ ఇవ్వకూడదు. పిన్ని ప్రతి దానికీ తలూపింది. ఆఖరిదానికి మాత్రం కోపం వచ్చింది.

"నా కుందేల్ని నేను ఇంకొకళ్ళకెందుకిస్తానే? ఏం మాటలమ్మా అవి?" అని సంతకం పెట్టేసింది.

ఆ నెలల్లో నా ఫోను నిండా కుందేలు కబుర్లే. ఇవాళ తోటకూర ముట్టలేదు, అలిగింది. ఇవాళ చీర కొంగు కొరికేసింది. ఇవాళ ప్రార్థన చేసుకుంటుంటే వచ్చి ఒళ్ళో కూర్చుంది. వాటిని నేను డాక్టరు గారికి వినిపించేదాన్ని. ఆయన పొంగిపోయి మిగతా మూడింటికి ఇళ్ళు వెతకడం మొదలుపెట్టారు, రెండు కుటుంబాలు ఒప్పుకున్నాయి కూడా. యానిమల్ హౌస్‌లోకి వెళ్ళినప్పుడు ఆ మూడింటి బోను దగ్గర నిలబడటం నాకు అలవాటైంది. అంతకుముందు ఏ బోను దగ్గరా నిలబడేదాన్ని కాదు.

కోతలయ్యాక పిన్ని ఊళ్ళో మా చర్చిలో కోతపండుగ జరుగుతుంది. ఎవరి పంటలో మొదటిది, ఎవరింట్లో మంచిది వాళ్ళు తెచ్చి దేవుడికి అర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటినన్నిటినీ చర్చి ఆవరణలో వేలంపాట వేస్తారు. ఎక్కువకు పాడుకోవడం కూడా భక్తే. పిన్ని తప్పకుండా రమ్మంటే ఆ ఆదివారం వెళ్ళాను. చర్చిలో దేవుడి బల్ల ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, వరికంకుల కుచ్చులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. పాట పాడుతూ ఒక్కొక్కరే వరసగా వస్తున్నారు. వాళ్ళలో పిన్ని కొత్త చీర కట్టుకుని, రెండు చేతులతో బుట్ట పట్టుకుని నడిచొచ్చింది. బుట్టలో కుందేలు ఉంది.

ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను. పిన్ని వచ్చి పక్కన కూర్చోగానే చెవి దగ్గర గొణిగాను.

"పిన్నీ, ఏంటిది? ఇంకెవరికీ ఇవ్వనన్నావుగా?"

"ఎవరికిచ్చానే? దేవుడికేగా ఇచ్చింది." ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నా కంటి ఆపరేషన్ బాగా అయితే ఇంట్లో అన్నింటికన్నా మంచిది ఇస్తానని మొక్కుకున్నానమ్మా. కోడి ఎవరైనా ఇస్తారు. దీన్ని ఇవ్వాలంటే ప్రాణం ఒప్పుకోలేదు. అందుకే ఇచ్చాను."

డాక్టరు గారు ముంగిస గురించి అడిగారు, ఎండ గురించి అడిగారు. ఆయనది ఈ సంఘం కాదు, ఆయనకు తట్టకపోవడం సహజం. నేను ఆ చర్చిలోనే పుట్టి పెరిగాను. చిన్నప్పుడు నేను పెంచిన బాతును మా అమ్మ ఇలాగే తీసుకెళితే ఏడుస్తూ బల్ల దాకా వెంటపడ్డాను. పిన్ని భక్తి నాకు బాగా తెలుసు, అయినా ఆ సంగతి ఒక్కసారి కూడా బుర్రలోకి రాలేదు. నా మీద నాకు మండిపోయింది.

బయట వేలంపాట మొదలైంది. కుందేలు వంతు రాగానే నేను చెయ్యెత్తాను. పక్క ఊరి నుంచి పండక్కి వచ్చిన రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన నవ్వుతూ నా మీద పాడారు. నేను పెంచాను, ఆయన ఇంకా పెంచారు. జనం ఈలలు వేస్తున్నారు. "పట్నం మేడంగారు తగ్గట్లేదండోయ్!" అని ఎవరో అరిచారు. పిన్ని వైపు చూశాను. తన కానుక ఇంతకు పలుకుతోందని ఆమె ముఖం వెలిగిపోతోంది. అప్పుడు నోరు విప్పి ఇది కాలేజీ జంతువండీ, దీన్ని కొనడానికీ కొయ్యడానికీ వీల్లేదండీ అని చెప్పాల్సింది. చెబితే ఏ కాలేజీ, ఏం జంతువు అంటారు. ప్రయోగాల కుందేల్ని తెచ్చి దేవుడి బల్ల మీద పెట్టిందని పిన్నిని చూస్తారు. నేను చేసే పని ఏమిటో ఊరందరికీ తెలుస్తుంది. ఈ రెండింటిలో ఏది నన్ను ఎక్కువగా ఆపిందో నాకు తెలుసు. పిన్ని పరువు కాదు. చెయ్యి దించేశాను. మూడోసారి కూడా అనేసి కుందేల్ని ఆయనకిచ్చేశారు.

తర్వాత ఆయన్ను అడిగి తీసుకోవచ్చులే అనుకున్నాను. ఈలోగా భోజనాలకు కూర్చోబెట్టారు. వడ్డించేవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టినా వినలేదు, మధ్యలో లేస్తే బాగుండదని పెరుగు దాకా కూర్చున్నాను. చెయ్యి కడుక్కుని వెళ్ళేసరికి ఆయన మోటార్‌సైకిల్ స్టార్ట్ చేస్తున్నారు.

"ఏమండీ, ఆ కుందేలు నాకిచ్చేస్తారా? మీరు పాడిందంతా నేను చర్చికి కట్టేస్తాను."

"అయ్యో, ముందే చెప్పకపోయారా అమ్మా! ఇందాకే చెరువు మీదకి పంపించేశాను, పనివాళ్ళు వండుకుంటారని." పాపం మంచి మనిషి, వెంటనే ఫోన్ తీసి మాట్లాడారు. విని ముఖం చిన్నబుచ్చుకున్నారు. "కోసేశారంటండి." నేను కదలకుండా నిలబడితే ఆయనకు ఇంకోలా అర్థమైంది. "కూర కావాలాండీ? గిన్నెలో పంపించమంటానుండండి."

వద్దండీ అన్నాను. వెనక్కి వస్తే ఆయన ఏమన్నారని పిన్ని అడిగింది. పెంచుకుంటారట అన్నాను. పిన్ని కళ్ళు తుడుచుకుని, "ఇచ్చేశాక ఆరా తియ్యకూడదనుకో, అయినా మనసాగలేదు," అంది.

మర్నాడు డాక్టరు గారికి ఉన్నదంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను చూసినంతలో ఎన్నడూ ఒక్క అబద్ధమాడని మనిషి, గొంతు తగ్గించి అడిగారు.

"జబ్బు చేసి పోయిందని రాద్దామాండీ? మిగతా మూడూ బతికిపోతాయి."

"లేదండి, జరిగింది జరిగినట్టే రాస్తాను," అన్నాను. అన్నప్పుడు నా గొంతులో ఎంత నిక్కచ్చి! నిజాయితీ అనుకున్నాను దాన్ని. చర్చి ఆవరణలో చెయ్యి దించేసినందుకు లోపల కాలుతోంది, ఎక్కడో ఒకచోట నిజం చెప్పేసి తేలికపడాలి. రెన్యువల్ దగ్గరికొచ్చింది, అబద్ధం బయటపడితే నా ఉద్యోగానికి ఎసరు. ఇవన్నీ కలిసి ఆ నిక్కచ్చితనం అయింది.

కమిటీలో నేను చదివి వినిపించాక బయటి నుంచి వచ్చిన సభ్యుడు, "ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు ఈ రోజుల్లో తక్కువండి," అన్నారు. నన్ను అభినందిస్తున్నట్టు మినిట్స్‌లో రాయమన్నారు. రాసేది నేనే కాబట్టి నేనే రాసుకున్నాను. ఇకమీదట ఇళ్ళకు ఇవ్వడం వద్దన్న తీర్మానం దాని కింద రాశాను. ఆ మూడింటినీ తీసుకెళ్ళిన రోజు సాక్షిగా నేను ఆ గదిలో ఉండాలి. మూడోది సూది పడేదాకా నా వేళ్ళ వాసన చూస్తూనే ఉంది. బోను దగ్గర నిలబడినప్పుడల్లా ఏదో ఒక ఆకు పెట్టి దానికి నేనే ఆ అలవాటు చేశాను.

ఈ ఏడు కోతలు మొదలవుతుంటే పిన్ని ఫోన్ చేసింది.

"అమ్మా, మీ కాలేజీలో ఇంకో కుందేలుంటే ఇప్పిస్తావా? పెరడు బోసిగా ఉందే."

"ఇక ఇవ్వరు పిన్నీ."

"ఎందుకని? నేను సరిగ్గా చూసుకోలేదనుకున్నారా?"

"బాగానే చూసుకున్నావు."

"మరి నా మూలంగా నీకేమైనా మాటొచ్చిందా? నిజం చెప్పు."

"లేదు పిన్నీ. నన్ను మెచ్చుకున్నారు."

"హమ్మయ్య, అది చాలమ్మా నాకు," అంది పిన్ని. ఆ సంతోషంలో ఫోనులోనే నా ఉద్యోగం కోసం, నా చేతుల పని కోసం ప్రార్థన చేసింది. ముగించి నేను ఆమెన్ అనడం కోసం ఆగింది. నాకు నోరు రాలేదు. లైన్ కట్టయిందనుకుని ఆమే ఫోన్ పెట్టేసింది.