ఒక్క గీతతో కొట్టేసిన వరస

ఆయనను అందరూ వైర్‌లెస్ అనేవారు. సైన్యంలో ఇరవై రెండేళ్ళు సిగ్నల్ దళంలో పనిచేసి, రిటైరయ్యాక రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేసుకుంటూ బతికినవాడు. ఉద్యమాలంటే ఒళ్ళు మంట. వీధిలో ఊరేగింపు వస్తే, "వరసలో నడవడం రానివాళ్ళు ప్రభుత్వాన్నేం నడుపుతారు?" అని కొట్టు షట్టరు సగం దించేసేవాడు. అలాంటి మనిషి అరవై దాటాక మూడుసార్లు అరెస్టయ్యాడు. ఎందుకయ్యాడన్నది నేను విని చెబుతున్నది కాదు. ఆ వ్యవహారం మొదలైన విచారణలో కూర్చున్న ముగ్గురు సభ్యులలో నేనొకణ్ణి.

ఆయన ఉండేది గుర్రపులైనులో. ఒకప్పటి అశ్వదళపు శాలను నలభై గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు. గుర్రాలను కట్టిన ఇనుప కడియాలు గోడలకు అలాగే ఉండిపోయాయి. ఆయన ఉండే పదిహేడో గదిలో ఆ కడియానికి కత్తిరించిన చొక్కా ముక్కలు వేలాడుతుండేవి. అవి ఆయనతో ఉండే టైలరువి. సైన్యంలో ఉన్నప్పుడు యూనిఫాం కొలతలకని అతని దగ్గరికి వెళ్ళిన ఈ సిపాయి, సరిగ్గా ఉన్న చొక్కానే నాలుగుసార్లు సరిచేయించుకున్నాడని లైనంతా చెప్పుకునేవారు. రిటైరైన నాటి నుంచి ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొయ్యి. ఆ సంగతిని పేరు పెట్టి అనవలసిన అవసరం ఎవరికీ రాలేదు. కొత్తవాళ్ళెవరైనా అడిగితే, "మా పిన్నికొడుకు" అనేవాడు వైర్‌లెస్. టైలరు నోట్లోని గుండుసూది తీసి, "ఆ పిన్నినోసారి చూపించవయ్యా, దణ్ణం పెట్టుకుంటాను" అనేవాడు.

పురపాలక సంఘం గుర్రపులైనును పడగొట్టి, ఆ స్థలంలో వీరసైనికుల స్మారకం కట్టాలని తీర్మానించింది. ఖాళీ చేసే ప్రతి కుటుంబానికీ ఊరి చివర ఇల్లు. ఒంటరి మాజీ సైనికుడికి వసతిగృహంలో మంచం. కుటుంబమంటే దంపతులు, పిల్లలు, తల్లిదండ్రులు. పిన్నికొడుకులకు అందులో చోటు లేదు. వైర్‌లెస్‌కు మంచం మంజూరైంది. టైలరుకు ఏమీ రాలేదు.

"నీ గౌరవం కోసమేనటగా! బతికుండగానే నెత్తిన రాయి పెడుతున్నారు" అన్నాడు టైలరు. "మంచం తీసుకో సిపాయీ. నేను కొట్లో మిషను కింద పడుకుంటాను."

"ఆ పొట్టతో మిషను కింద ఎలా పడతావు?" అన్నాడు వైర్‌లెస్. ఆ మధ్యాహ్నమే వెళ్ళి లైను ముందు నిరసన చేస్తున్నవాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

వాళ్ళు జెండా ఎటువైపు కట్టాలన్న విషయం మీద తగువులో ఉన్నారు. ఈయన గునపం తెచ్చాడు. ఎక్కడ శిబిరం వేసినా ముందు మరుగుదొడ్డి, తరవాత నీళ్ళు, ఆ తరవాతే గుడారమన్నాడు.

"పోరాటం ఇక్కణ్ణుంచా మొదలెట్టేది బాబాయ్?" అని నవ్వింది ఆసుపత్రిలో ఆయాగా చేసే ఆరో గది ఆవిడ.

"ఆకలి ఒక పూట ఆగుతుందమ్మా. ఇది ఆగదు."

ఊళ్ళో అంతకుముందు జరిగిన నిరసనలేవీ వారం దాటలేదు. ఇది అరవై ఒక్క రోజులు నడిచింది. అందుకు నినాదాలు ఎంత కారణమో ఆ గొయ్యీ అంతే కారణమని నా అంచనా.

లైనులో ఎవరెవరు ఉంటున్నారో రిజిస్టరు రాసే పని కూడా ఆయనకే అప్పగించారు. గది, మనిషి, వయసు, వరస, చివర రాసినవాడి సంతకం. సైన్యంలో సందేశాలెక్కించే సిగ్నల్ పుస్తకం రాసిన చెయ్యి కనుక ఒక్క కొట్టివేత లేకుండా సాగింది. పదిహేడో గదికి వచ్చేసరికి ఆ చెయ్యే, అలవాటు కొద్దీ, వరస కింద "పిన్నికొడుకు" అని రాసేసింది.

ఎవరికి ఇల్లివ్వాలో తేల్చడానికి వేసిన మా విచారణలో లైనువాళ్ళ సాక్ష్యం ఆ రిజిస్టరే. పురపాలక అధికారి దుర్మార్గుడేమీ కాడు, కాగితం జాగ్రత్తగా చదివేవాడు. పదిహేడో గది దగ్గర ఆయన వేలు ఆగింది.

"పిన్నికొడుకని మీరే రాశారు కదండీ. చేతిరాత మీదే, సంతకం మీదే. మమ్మల్నేం చెయ్యమంటారు?"

సాక్ష్యం చూస్తే అధికారి మాటే నిలుస్తుంది. నేను కూడా తలాడించాను.

వైర్‌లెస్ లేచి నిలబడ్డాడు. వెనక బెంచీ మీద టైలరు, మెడలో టేపుతో, కదలకుండా కూర్చున్నాడు.

"ఇందులో తప్పుంది. దిద్దాలండీ."

అధికారి వైట్‌నర్ సీసా ముందుకు జరిపాడు. ఈయన దాన్ని వెనక్కి నెట్టాడు. సిగ్నల్ పుస్తకంలో తప్పును చెరపకూడదు. చెరిపితే దాచినట్టే. దాని మీద ఒక్క గీత కొట్టాలి, కింద ఏముందో చదవడానికి వీలుండాలి. పక్కన సరైనది రాసి, సమయం వేసి, సంతకం పెట్టి, పైకి చదివి వినిపించాలి. ఆయన అవన్నీ వరసగా చేశాడు.

"పదిహేడో గది. ఇద్దరం. కాపురం చేస్తున్నాం. సమయం పదకొండూ ఇరవై."

టైలరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పాపం, ఇన్నాళ్ళకి పిన్ని పోయింది" అన్నాడు.

అప్పుడు ఆయా లేచింది. "ఆ కలం ఇటివ్వు బాబాయ్. మా గదిలో అన్నయ్య అని నేను రాయించినాయన నాకు అన్నయ్య కాడు." ఆమె వెనక మరొకరు, ఆ వెనక ఇంకొకరు. మధ్యాహ్నానికి తొమ్మిది గదుల వరసలు మారాయి. తొమ్మిదింటి కిందా పాత అబద్ధం చదవడానికి వీలుగానే ఉంది.

భోజన విరామంలో అధికారి ఆయనను వరండాలోకి పిలిచాడు. "సైనికులు మీరు. మీ ఒక్క గదీ ప్రత్యేకంగా చూసి ఇల్లిప్పిస్తాను. మిగతావాళ్ళ గొడవ మీకెందుకండీ?"

కావలసిన ఇల్లు చేతికందే దూరంలో ఉంది. వైర్‌లెస్ టైలరు వంక చూశాడు.

"నన్ను చూస్తావేం? వాళ్ళ చేత రాయించింది నువ్వేగా" అన్నాడు టైలరు.

"నా ఒక్క కాపలా పోస్టు కాపాడుకుని మిగతావి వదిలి రమ్మంటే రాలేనండీ" అన్నాడు వైర్‌లెస్ అధికారితో. ఆయన మారిన క్షణం ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. పొద్దున ఒక ఇంటి కోసం వచ్చినవాడు, ఆ నిబంధననే మార్చాలని వెళ్ళాడు.

ఒక గదిలో కలిసి బతికేవారే కుటుంబమని మా విచారణ సంఘం సిఫారసు చేసింది. ముగ్గురిలో ఇద్దరం ఒప్పుకున్నాం. ముందు రోజు అడిగితే నేను ఒప్పుకునేవాణ్ణి కాను. ఆ సిఫారసును బీరువాలో పెట్టి పురపాలక సంఘం పడగొట్టే యంత్రాలను పంపింది. వైర్‌లెస్ వాటి ముందు పడుకుని మొదటిసారి అరెస్టయ్యాడు. స్టేషన్‌లో యుద్ధఖైదీ మాదిరి పేరూ నంబరూ తప్ప మరో ముక్క చెప్పలేదట. ఆయన చేసినవన్నీ సరైనవని నేననను. సర్వేయరు పరికరాన్ని మురిక్కాలవలో పడేయడం తప్పే, ఆ మాట ఆయనకూ చెప్పాను. అరవై ఒకటో రోజున కొత్త ఉత్తర్వు వచ్చింది. నలభై గదులకూ నలభై ఇళ్ళు.

పని అయింది కదా, ఇక కొట్టు తెరుస్తాడనుకున్నాం. తెరవలేదు. అసలు భూమి ఒకరి సొత్తెలా అవుతుందని అడుగుతూ ఊరూరా గుడారాలేస్తున్నాడు. అంతదూరం నేను వెళ్ళలేను. స్మారకం ప్రారంభానికి పిలుపొస్తే ఆయన పోలేదు. ఆ రోజు మిల్లు కార్మికుల శిబిరంలో గొయ్యి తవ్వుతున్నాడు.

కిందటి వారం వాళ్ళింటికి వెళ్ళాను. మూడో అంతస్తు. గుర్రపులైను గోడ నుంచి పెళ్ళగించి తెచ్చిన ఇనుప కడియం కిటికీ పక్కన బిగించి ఉంది, దానికి చొక్కా ముక్కలు. వైర్‌లెస్ ఇంకేదో పోరాటానికి రిజిస్టరు రాస్తున్నాడు. మొదటి పేర్లు వాళ్ళిద్దరివే. టైలరు మిషను ఆపి, "ఏం రాశావో పైకి చదువు, నిన్ను నమ్మను" అన్నాడు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని, సమయంతో సహా చదివాడు.