మేకలా ఉందన్న జింక

నా చిన్నప్పుడు తాండూరు పప్పుమిల్లుల్లోంచి లారీలెక్కే కందిపప్పు బస్తాల మీది గుర్తుల్లో చాలామటుకు మా మేనత్త చేతివే. మొదట ఆ పని మామది. దుకాణాలకు బోర్డులు రాసేవాడు, మిల్లులకు బొమ్మల రేకులు కోసేవాడు. ఒకసారి బోర్డు రాస్తూ నిచ్చెన మీదినుంచి పడ్డాడు. కుడిచెయ్యి మళ్లీ పైకి లేవలేదు. మా అత్త గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టిన మనిషి, బడి మొహం ఎరగదు. మామ మంచం మీద కూర్చుని చెబుతుంటే ఉలీ సుత్తీ తనే అందుకుంది. ఆడమనిషి కోసిన గుర్తుకు ఏం బరకతు ఉంటుంది, ఏం కలిసొస్తుందని నవ్వినవాళ్లు ఉన్నారు. కొన్నాళ్లకు వాళ్లే రేకు కోసిపెట్టమని వచ్చారు.

మాది బషీరాబాద్ అవతల చిన్న ఊరు. అక్కడ పెద్దబడి లేక నన్ను తాండూరులో అత్త ఇంట్లో ఉంచారు. బడి నుంచి రాగానే పనిలో కూర్చోబెట్టేది. నూనెడబ్బా రేకును సాగగొట్టి, దాని మీద బొమ్మ గీసి, రంగు పడాల్సిన చోటల్లా ఉలితో కోసి తీసేయాలి. ఆ రేకును గోనెసంచి మీద పరిచి బ్రష్షుతో నల్లరంగు అద్దితే బొమ్మ పడుతుంది. నా వంతుకు వచ్చింది ఆ అద్దడం ఒక్కటే. బొమ్మలు గీయడంలో మా తరగతిలో నన్ను మించినవాళ్లు లేరు. ఇంటికొస్తే మాత్రం ఎవరో కోసిన ఏనుగులకు రంగు పూయాలి! ఒళ్లు మండిపోయేది. నేనెప్పుడు కోయాలని అడిగితే "జర ఆగు బిడ్డా" తప్ప ఇంకో మాట వచ్చేది కాదు.

ఒక ఎండాకాలం కొత్త మిల్లు పెట్టిన సేటు ఒకాయన, తన బస్తాకు జింక గుర్తు కావాలన్నాడు. అత్త ఒక రేకు తెచ్చి నా ముందు పడేసింది, కొయ్యి అన్నట్టు. నేను ఎగిరి గంతేశాను. అనంతగిరి జాతరకు వెళ్లినప్పుడు చెట్ల సందున చూసిన చుక్కల జింకను అప్పటికే చాలాసార్లు గీసి ఉన్నాను. గీత అద్భుతంగా వచ్చింది. కోత మొదలుపెట్టాను. ఒంటి చుట్టూ కోయడం పూర్తయిందో లేదో, కన్నూ చుక్కలూ అన్నీ ఆ ముక్కతోపాటు ఊడి కిందపడ్డాయి. రేకులో జింక లేదు, జింకంత కంత ఉంది. ఇంకో రేకు తీసుకున్నాను. కన్ను ఈసారి ఒక నూలుపోగంత రేకుకు వేలాడి, రంగు అద్దగానే తెగిపోయింది. ఆ తర్వాతిది కోస్తుంటే ఉలి జారి వేలు తెగింది. అత్త పక్కనే కూర్చుని తన పని తను చేసుకుంటోంది. అన్నీ చూస్తూనే ఉంది.

"ముందుగాలనే చెప్పొచ్చు గద అత్తా!" అని అరిచాను.

"చెప్తే నువ్వు ఇంటవు. నీ చెయ్యి ఇంటదా?" అంది. వేలికి గుడ్డ కట్టి, తను కోసిన ఏనుగు రేకు తెచ్చి చూపించింది. ఏనుగు కన్ను ఊడిపోకుండా సన్నటి రేకు పట్టీలు అటూ ఇటూ వదిలి ఉన్నాయి. రోజూ రంగు అద్దిన రేకే. ఏనాడూ వాటిని గమనించలేదు.

చివరికి ఒక జింక నిలిచింది. కన్నుంది, వీపు నిండా చుక్కలున్నాయి. మర్నాడు సేటు స్కూటర్ మీద వచ్చాడు. అత్త కొత్త సంచి పరిచి అతని ముందే రంగు అద్దింది. అతను మెడ వంచి చూశాడు.

"గిదేంది, మేకనా?"

"జింక, సేటు."

"మేక లెక్కనే ఉన్నది. మంది నవ్వుతరు. జింక వద్దు ఏమొద్దు, ఉత్త పేరు రాసియ్యుండ్రి."

"సరే సేటు" అంది అత్త. అంతే. అతను అటు వెళ్లగానే అక్షరాల కోసం కొత్త రేకు తీసింది. ఆ 'సరే' నన్ను కాల్చేసింది. నా తరఫున ఒక్క మాట అనలేదే! జింక రేకును తీసి గల్లీలోకి విసిరేశాను. సేటుకు కళ్లు లేవని మామ మంచం మీదినుంచి నన్ను ఊరడించబోయాడు. అత్త మాత్రం లేచి వెళ్లి రేకు ఏరుకొచ్చింది, వంగినచోట సుత్తితో సరిచేసింది. రోడ్డు వైపున్న మా ఇంటి సున్నపు గోడకు దాన్ని ఆనించి, నల్లటి జింకను అచ్చువేసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, ఎదుటి సైకిల్ దుకాణం ముందు నిలబెట్టింది.

"మేకెందుకన్నడు? ఇక్కడ నిలవడి చూడు."

ఏడుపుతోనే చూశాను. సన్నగా కోయడం చేతగాక కాళ్లు లావుగా కోసిన సంగతి అక్కడినుంచి తెలిసింది. మెడ కురచగా, తల భుజాల మీద పెట్టినట్టుంది. నిజంగా మేకే. నాకు ఇంకా కోపం వచ్చింది.

"నువ్వు గూడ సేటు దిక్కేనా?"

"నేను జింక దిక్కు" అంది. కాసేపు అలాగే చూసి, "చుక్కలు మంచిగ పడ్డయి. వాటిని ముట్టకు. కాళ్లు మల్ల కొయ్యి" అంది.

మళ్లీ కోశాను. ఈసారి అది జింకే. దాన్ని సేటుకు చూపిద్దామని ఎంత పోరినా అత్త వినలేదు. ఆయన బస్తాలు ఉత్త పేరుతోనే లారీలెక్కాయి. ఆ జింకను ఇంకే మిల్లూ తీసుకోలేదు. అది ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

పెద్దయ్యాక ఇదే నా బతుకైంది. రంగులు వేస్తాను, చెక్క మీద బొమ్మలు చెక్కి కాగితం మీద అచ్చుతీస్తాను. వికారాబాద్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో అచ్చుయంత్రం ఉంది. వయసు మీద పడితే ఓర్పు వస్తుందంటారు, నాకు రాలేదు. పనంతా అయ్యాక ఆఖరి కోతలో చెక్క చీలుతుంది. వానాకాలం కాగితం అలలు తిరుగుతుంది. అనంతగిరి దారిలో హోటలు కట్టిన ఒకాయన, నా బొమ్మలు తన సోఫాల రంగుకు కలవలేదన్నాడు. మొన్న హైదరాబాద్ ప్రదర్శన నుంచి నేను పంపిన తాండూరు రాతిగనుల బొమ్మలు వెనక్కి వచ్చాయి. మరీ చీకటిగా ఉన్నాయట. ఆ మధ్యాహ్నమంతా తిట్టుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం వాటిలో ఒకదాన్ని గేటుకు తగిలించి, మోకాళ్లు పట్టుకుంటూ రోడ్డు దాటాను. ఆటోవాళ్లు హారన్లు కొడుతున్నా అక్కడే నిలబడి చూశాను. ఇలా చూసినప్పుడు వద్దన్నవాళ్ల మాటే నిజమని తేలిన రోజులు చాలా ఉన్నాయి. అప్పుడు పళ్లు కొరుక్కుంటూ మళ్లీ చెక్కుతాను. ఈసారి తప్పు కోసం చాలాసేపు వెతికాను. ఆ గని లోతు తెలియాలంటే అంత చీకటీ కావాలి. ఇంటికి వచ్చి ఒక్క గీత కూడా మార్చలేదు. కోపం మాత్రం తగ్గలేదు. ఎంత కోపంలో ఉన్నా బొమ్మ పక్షాన నిలబడి చూడాలన్నది ఒక్కటే అత్త నన్ను రోడ్డు దాటించిన ఆ రోజు నుంచి నాతో ఉంది.