చెప్పులు విప్పనివ్వని దొరసానమ్మ

మా హాస్టల్ దొరసానమ్మ ఇక లేరు. ఈ వానాకాలం మొదట్లో, పొద్దుటి ప్రార్థన ముగించి కుర్చీలో కూర్చున్నవారు మళ్లీ లేవలేదట. జూలూరుపాడు బడిలో పాఠం చెబుతుండగా నాకు ఫోన్ వచ్చింది. చేతిలో సుద్దముక్క ఉందన్న సంగతి బస్సెక్కాక గాని చూసుకోలేదు.

ఇల్లందు దాటాక అడవి అంచున ఉన్న ఆ మిషన్ హాస్టల్లోనే నేను పెరిగాను. ఆమె ఇంగ్లండులో ఒక ప్రభువు కూతురు. తండ్రి అక్కడి పెద్దల సభలో కూర్చునేవారు, మంత్రిగా కూడా చేశారు. కోటంత ఇల్లు, గుర్రాలు, నౌకర్లు. అవన్నీ వదిలి వచ్చిన మనిషి మా తలల్లో పేలు చూసేవారు. ఆ గొప్పలు చెప్పమని మేం సతాయిస్తే నవ్వేవారు. "మా నాయిన ఒక్క ఓటు అడగకుండనే సభల కూసున్నడు. మీ సర్పంచే నయం, ఇంటింటికి తిరుగుతడు" అనేవారు. ఆ నోట మా మాట వింటే కొత్తవాళ్లు నోరెళ్లబెట్టాల్సిందే.

నేను ఏడో తరగతిలో ఉండగా ఆ పెద్దాయన కూతుర్ని చూడటానికి వచ్చారు. దొర ఎదురైతే చెప్పులు విప్పి పక్కకు నిలబడటం మా పల్లెల్లో అప్పటికింకా పోలేదు. ఇక లండన్ దొరంటే ఎంత దొర! దారి పొడుగునా అందరూ చెప్పులు విప్పి నిలబడ్డారు. ఆయనకు ఆ సంగతేం తెలుసు? ఈ నేల మీద నడిచే పద్ధతే అది కాబోలనుకుని, కారు దిగి తనూ బూట్లు విప్పేశారు. మండుటెండలో హాస్టల్ దాకా వట్టికాళ్లతో నడిచారు. ఆయన మీద నాకిప్పటికీ ప్రేమే.

దొరసానమ్మ తండ్రి అరికాళ్లకు కొబ్బరినూనె రాశారే తప్ప, ఆ మర్యాద వెనకున్న భయం గురించి చెప్పి ఆయన్ని చిన్నబుచ్చలేదు. ఆయన వెళ్లిన మర్నాడు మాత్రం మమ్మల్నందర్నీ పిలిచి ఒక్కటే మాట అన్నారు.

"దేవుని గుడి ముందర విప్పున్రి. మనిషి ముందర విప్పకున్రి."

ఆ తర్వాత మా ఊరి దొర వాకిలి ముందు నుంచి చెప్పులతో నడిచిన రోజు వెనక్కి తిరిగి చూడటానికి భయమేసింది. ఇల్లు చేరాక మాత్రం పట్టరాని సంతోషం. ఈ రోజు నేను తలెత్తి పాఠం చెబుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే.

తనను హాస్టల్ వెనక టేకుచెట్ల కిందే పాతిపెట్టమని ఆమె ఎన్నోసార్లు చెప్పారు. కానీ తండ్రి బిరుదు అందుకున్న తమ్ముడు, తానొచ్చేదాకా ఆగమని ఇంగ్లండు నుంచి కబురుచేశారు. తాతముత్తాతల సమాధుల మధ్యకు తీసుకుపోతారేమోనని మాకు బెంగ పట్టుకుంది.

ఆయన రాగానే మా వంట అవ్వ వెళ్లి ఎదురుగా నిలబడింది. ఆ హాస్టల్లో దొరసానమ్మతో పాటే ముసలిదైన మనిషి. "మీ తాతల నడుమ ఆమెతోని మాట్లాడేటోళ్లు ఎవరున్నరు బిడ్డా? ఈడ మేమున్నం" అంది. ఆ మాటను ఆయనకు నేనే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన టేకుచెట్ల వైపు చూసి, అక్కడే కానివ్వమన్నారు.

గొయ్యి దగ్గర ఆయన వంగి బూట్ల తాళ్లు విప్పబోయారు. తండ్రి నోట ఆనాటి కథ విన్నవారు, ఇదే ఇక్కడి పద్ధతనుకున్నారు పాపం. అవ్వ ఆయన భుజం పట్టుకుంది.

"ఉండనియ్ బిడ్డా. ఆమె ఊకోదు."

అందరూ వెళ్లాక నేనొక్కదాన్నే కాసేపు అక్కడ నిలబడ్డాను. తడిమట్టి నిండా మా చెప్పుల అచ్చులు, వాటి మధ్య ఒక జత బూట్ల అచ్చులు. వట్టి పాదం ముద్ర ఒక్కటీ లేదు.