లైను తీశారంట

మా పిన్నికి లైను అనే మాట లేనిదే రోజు గడవదు. ఫోన్లో మాట్లాడుతూ "లైన్లో ఉండవే, పాలు పొంగుతున్నాయి" అనేది. రేషను కోసం నిలబడితే లైను. కాలేజీలో నాకెవడైనా లైనేస్తున్నాడేమోనని నవ్వుతూ ఆరా తీసేది. కరెంటుక్కూడా మా వైపు అదే మాట. లైనొచ్చిందా, లైను పోయిందా అనే అడుగుతాం.

డిగ్రీ పరీక్షలయ్యాక సత్తెనపల్లి దగ్గర పిన్ని వాళ్ల ఊళ్లో ఉన్నాను. మిరప కోతలు నడుస్తున్నాయి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన కొట్టింది. ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. కోసిన కాయ చేలోనే ఉందని పిన్నీ నేనూ పరుగెత్తాం. వెళ్లేసరికి వాన తగ్గింది గానీ ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. బాబాయి, కూలికొచ్చిన ఆడవాళ్లు గట్టు మీదే నిలబడిపోయి ఉన్నారు. చేను మీదుగా పోయే కరెంటు తీగ తెగి మిరపచెట్లలో పడింది. స్తంభం నుంచి వేలాడుతున్న తీగ కనిపిస్తోంది. దాని కొస ఎక్కడుందో మాత్రం తెలియడం లేదు.

బాబాయి లైన్‌మన్‌కి ఫోన్ చేశాడు. రెండు మాటలకే కట్టయింది.

"లైను తీశారంట. రండి, కాయ మీద పట్టా కప్పుదాం," అంటూ చెప్పులు విడిచాడు.

"ఏ లైను తీశారు? ఊళ్లోదా, చేల మోటార్లదా?" పిన్ని అడిగింది.

"తీశామన్నాడు కదే! ఇంట్లో కూడా పోయిందన్నావుగా?"

"ఇంట్లో పోతే చేలో పోయినట్టా? మళ్లీ చెయ్యి."

బాబాయి విసుక్కుంటూనే మళ్లీ చేశాడు. లైన్లో వేచి ఉండమని రికార్డు గొంతు చెబుతోంది. ఆ లోపల కూలీల్లో ఒక పడుచుపిల్ల, సాలు మధ్యలో వదిలిన క్యారేజీ తెచ్చుకుందామని గట్టు దిగబోయింది. పిన్ని ఒక్క ఉరుకున వెళ్లి, చీర మీద ఆ పిల్ల తొడుక్కున్న చొక్కా పట్టి లాగింది. ఇద్దరూ బురదలో పడ్డారు.

"ఏందమ్మా ఇది!" అని ఆ పిల్ల కోపంగా లేచింది.

అప్పుడు వినిపించింది, చెట్ల మధ్య నుంచి సన్నగా చిటచిటమని. తడిసిన నేల మీంచి ఆవిరి లేస్తోంది. ఎవరూ కదల్లేదు.

ఇంతలో లైన్‌మనే ఫోన్ చేశాడు. బాబాయి స్పీకరు పెట్టాడు.

"తీసింది ఊరి లైనండీ! మోటార్ల లైను ఇంకా ఉంది. ఎవర్నీ చేలోకి దిగనివ్వద్దు!"

ఆ లైను కూడా తీశాక అతనే వచ్చి తీగ కొస వెతికాడు. అది క్యారేజీ పక్కనే ఉంది. చుట్టూ మిరపచెట్లు మాడి నల్లబడ్డాయి. ఆ పిల్ల క్యారేజీ ముట్టుకోలేదు. కూలీల ఆటో వచ్చేదాకా పిన్ని చెయ్యి పట్టుకుని కూర్చుంది. మర్నాటి నుంచి మా చేలో కోతకు రాలేదు.

తెగిన చోటే ముడేసి తీగను మళ్లీ కట్టారు. స్తంభం చేనువైపు ఒరిగే ఉంది. మొన్న వెళ్లినప్పుడు చూశాను, తీగ ఇంకాస్త కిందికి దిగింది. దాని కింద ఆడవాళ్లు నడుములు వంచి కాయ కోస్తున్నారు.