పాచి కాని పాచి

పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రి వెనుక గదిలో కూర్చుని కట్టుడుపళ్ళు తయారుచేయడం ఆవిడ ఉద్యోగం. ఎవరి చిరునవ్వు ఎక్కడ దెబ్బతిన్నా, సుద్ద అచ్చు మీద మైనం పేర్చి దానిని తిరిగి నిలబెట్టవలసిన బాధ్యత ఇరవై రెండేళ్ళుగా ఆవిడదే. అందుచేత వీధిలో అందరికీ ఆవిడ పళ్ళక్క. ఆ పేరుకు ఆవిడ ఏనాడూ నొచ్చుకోలేదు. నొచ్చుకునే తీరిక కూడా ఉండేది కాదు. ఉద్యోగం పోగా మిగిలిన పొద్దంతా ముందుగదిలోని ఉప్పునీటి గాజుతొట్టికే చెల్లిపోయేది.

ఆ తొట్టిలో ఏడు పగడపు గుత్తులు ఉండేవి. పగడమనగానే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి గుర్తుకు రావడం సహజమే గాని, ఇవి ప్రాణమున్నవి. ఆవగింజంతేసి జీవులు వేల సంఖ్యలో ఒకే సున్నపు కొమ్మ కట్టుకుని, ఒకే చర్మం కప్పుకుని కాపురముంటాయి. వాటిలో పెద్దది ఊదారంగు కొమ్మల గుత్తి. బొటనవేలి గోరంత ముక్కగా ఇంటికి వచ్చి, ఆరేళ్ళలో జానెడు విస్తరించింది. ఆ గుత్తికి జబ్బు చేసింది.

మొదలు నుంచి పైకి రంగు వెలిసిపోతోంది. కొమ్మల మీద పేనుకొరికిన తలలాగా గుండ్రటి తెల్లమచ్చలు. నగర నీటి సరఫరా కార్యాలయంలో పరీక్షలు చేసే తమ్ముడు, చూసీచూడగానే తీర్పు చెప్పేశాడు.

"నీళ్ళే అక్కా. నీళ్ళలోనే ఉంది తేడా."

వరుసగా మూడు ఆదివారాలు అతడు సీసాలు, చుక్కల మందులు పట్టుకుని వచ్చి ఉప్పు సరిచేశాడు, సున్నం సరిచేశాడు, వేడి సరిచేశాడు. నీరు అద్దంలా తయారైంది. గుత్తి మాత్రం నానాటికీ తీసికట్టుగా మారింది.

"మరి అడుగున ఆ గోధుమరంగు మరకేమిట్రా?" అని ఆవిడ మొదటి వారమే అడిగింది.

"పాచి అక్కా. చచ్చిన చోట పాచి పట్టక ఏం పడుతుంది?"

పాచి అన్న మాట ఆవిడకు కొత్త కాదు. ఆసుపత్రిలో పొద్దస్తమానం చెవిన పడేదే. తొట్టి గోడల మీద వారానికొకసారి తాను గీకేదీ అదే. కనుక, పాచి అనుకున్న మరుక్షణం నుంచి అక్కాతమ్ముళ్ళిద్దరి చూపులూ ఆ మరకను దాటి పక్కకు వెళ్ళిపోయేవి.

నాలుగవ వారం శుక్రవారంనాడు తమ్ముడు ఫోను చేసి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఇంక లాభం లేదక్కా. ఎల్లుండి వచ్చి దాన్ని పగలగొట్టి తీసేస్తాను. లేకపోతే మిగతా ఆరింటికీ అంటుకుంటుంది."

ఆవిడ సరేనన్నది. అన్న తరువాత అన్నం సయించలేదు.

మరునాడు ఆసుపత్రికి ఒక పెద్దావిడ కట్టుడుపళ్ళు తిరిగి తెచ్చింది. ఎక్కడో గుచ్చుకుంటోందట. పళ్ళక్క అలవాటుకొద్దీ గాలిగొట్టంతో వాటి మీద తడి పోయేలా ఊది, తలకు భూతద్దం తగిలించుకుని చూసింది. వెంట్రుకవాసి పగులు కనబడింది. ముందు ఊదాలి, తరువాత చూడాలి. పనిలో చేరిన మొదటిరోజున నేర్చుకున్న సూత్రమది. చేతిలో పళ్ళసెట్టు అలాగే ఉండగా ఆవిడకు ఇంట్లో గుత్తి గుర్తుకొచ్చింది. నాలుగు వారాలుగా గుత్తిని చూస్తోందే గాని, ఒక్కసారైనా ఊదిందా?

"డాక్టరు గారూ, ఈ భూతద్దం సోమవారం దాకా ఇంటికి తీసుకువెళ్తానండీ."

"ఎవరికమ్మా, ఇంట్లో పళ్ళ బాధ?"

"పగడానికండీ."

"కావలసినప్పుడల్లా తీసుకువెళ్ళమ్మా," అన్నారు డాక్టరు గారు.

ఆదివారం ఉదయం తమ్ముడు పట్టకారు, బక్కెట్టు పట్టుకుని వచ్చేసరికి, ముందుగది బల్ల మీద తెల్లటి బేసిను, అందులో తొట్టి నీళ్ళు, నీళ్ళలో ఊదా గుత్తి ఉన్నాయి. పక్కన కుర్చీలో పళ్ళక్క అత్తగారు తీరిగ్గా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు.

"రా నాయనా, కసాయి పనికి వచ్చావా?" అన్నారావిడ.

"మీరూరుకోండి అత్తయ్యగారూ, నాకు మాత్రం సరదానా?"

"ఒరేయ్, ఆ పట్టకారు కింద పెట్టు. ఒక్క నిమిషం," అని పళ్ళక్క రబ్బరు బుడ్డిలో నీళ్ళు పీల్చి, కొమ్మల సందున గట్టిగా కొట్టింది.

ఉల్లిపొర తునకల్లాంటివి ఏవో లేచాయి. చిట్లిన చర్మమే అనుకున్నాడు తమ్ముడు. కాని, ఆ తునకలు నీళ్ళలో ముడుచుకుని, విచ్చుకుని, తిరిగి గుత్తి వైపే పాకసాగాయి.

"అక్కా! కదులుతున్నాయే!"

"పురుగులురా! పురుగులు! చూడు, ఆ తెల్లమచ్చెంత ఉందో ఇదీ అంతే ఉంది. కొమ్మను కొరికి తింటున్నవి ఇవేరా. అద్దంలాంటి ఒళ్ళు, కొమ్మకు అతుక్కుంటే ఏం కనబడుతుంది?"

మళ్ళీ కొట్టింది. మళ్ళీ లేచాయి. లెక్కపెడితే నలభై మూడు తేలాయి. భూతద్దం దించుకుని గుత్తి అడుగుకు వంగిన మనిషి అలాగే బిగుసుకుపోయింది.

"ఏమైందమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"పాచి కాదత్తయ్యా." ఆవిడ ఇంకా దగ్గరికి వంగింది. "గింజలు. వరసలు వరసలుగా, జిగురు పెట్టి అతికించినట్టు. ఒరేయ్, ఇవి గుడ్లురా!"

తమ్ముడు తల గోక్కున్నాడు. అత్తగారు అతడిని వదలలేదు. "ఊరందరి నీళ్ళూ పరీక్ష చేసే నువ్వొకడివి, ఊరందరి పళ్ళూ చూసే ఇదొకతి. నెల్లాళ్ళు గుడ్లను పట్టుకుని పాచి అన్నారు. బాగుంది మీ వరస!"

కొత్త పగడాలను తొట్టిలో వేసే ముందు ముంచే మందు అలమరలో ఉండనే ఉంది. దాని చీటీ మీద చీమతలకాయంత అక్షరాలను తమ్ముడు భూతద్దంతో బిగ్గరగా చదివాడు. పురుగులు చస్తాయి, గుడ్లు చావవు. గుడ్లను గీకి తీయాలి. దాగిన గుడ్లు పగిలి పిల్లలు బయటపడతాయి గనుక వారంవారం మళ్ళీ ముంచాలి.

"గీకడమేనా? ఆ పని నాకు వదిలెయ్!"

కట్టుడుపళ్ళ అంచులు చెక్కే ఉలితో ఆవిడ పని మొదలుపెట్టింది. చనిపోయిన సున్నం మీద గుడ్లు పోవాలి, పక్కనే బతికున్న చర్మానికి గీత పడకూడదు. రెండింటికీ మధ్య గోరు మందం కూడా లేదు. అలాంటి హద్దుల మీదనే ఆవిడ జీవితమంతా గడిచింది. తమ్ముడు బేసినులో నీరు చల్లారకుండా మారుస్తూ కూర్చున్నాడు. ఆ జాతిదే అయిన మరో చిన్న గుత్తిని సైతం వెలికితీసి, రెండింటినీ మందులో ముంచి తొట్టిలోకి చేర్చేసరికి మధ్యాహ్నమైంది. పట్టకారు ఎక్కడ పెట్టాడో తమ్ముడికే గుర్తులేదు.

రెండవ ఆదివారం తొమ్మిది పురుగులు రాలాయి. అక్కాతమ్ముళ్ళు చంకలు గుద్దుకున్నారు. మూడవ ఆదివారం పధ్నాలుగు! ఇద్దరి ముఖాలలో నెత్తురుచుక్క లేదు. తలకిందులు చేసి వెతకగా, కిందికొమ్మ చాటున అణాకాసంత మరక, మళ్ళీ అవే గింజలు. ఆవిడ పళ్ళు బిగబట్టి దానిని ఊడ్చిపెట్టింది. నాలుగవ వారం రెండు. అయిదవ వారం ఒక్కటీ లేదు, కాని ఆవిడ నమ్మలేదు.

ఆరవ ఆదివారం ఆవిడ బుడ్డితో ఒకటికి పదిసార్లు కొట్టింది. నీరు నీరుగానే ఉంది. గీకిన తెల్లని చోటికి ఊదా చర్మం అంచు సన్నగా పాకి వస్తోంది. ఆవిడ గభాలున భూతద్దం తీసి అత్తగారి తలకు తగిలించింది.

"చూడండత్తయ్యా, చూడండి!"

అత్తగారు బేసిను మీదికి వంగి, అటూ ఇటూ కదిలి, చాలాసేపు చూశారు.

"ఏమీ కనబడ్డం లేదేమిటే?"

"అదే అత్తయ్యా! అదే!" అని పళ్ళక్క తడిచేతులతోనే ఆవిడను వాటేసుకుంది.