రాజవ్వ పెట్టిన పోగులు

నిన్న కోరుట్లలో, మా వంటింట్లో, ప్యాకెట్ కత్తిరించి మాంసాన్ని నీళ్లలో వేశాను. ఐసు కరిగింది గానీ వాసనే లేదు. మా సొంతూరు రుద్రంగిలో పక్కింటి రాజవ్వ గొర్రెను కోయిస్తే వాడకట్టంతా తెలిసేది. నాకు పంచడం నేర్పింది ఆమే.

భర్త పోయాక రాజవ్వ తన చిన్న మందనే నమ్ముకుని బతికింది. ఆదివారం పొద్దున్నే ఒక గొర్రెను కోయించి, మోదుగాకుల మీద ఇంటికొక పోగు పెట్టి అమ్మేది. ప్రతి పోగులో కాస్త కార్జం, కాస్త బొక్క, కాస్త మెత్తటి కండ. కావాలా అని ముందుగా ఎవరినీ అడిగేది కాదు, అందరూ వస్తారని ధీమా. తను మాత్రం చివర మిగిలిన పోగే తీసుకునేది. ఎందుకని అడిగితే, "పంచేటోళ్లు ముందుగాల తీసుకుంటే పోగు మీద నమ్మకం పోతది బిడ్డా" అన్నది.

తర్వాత కోరుట్ల దుకాణాలకు ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో లారీల్లో గొర్రెలు దిగడం మొదలైంది. ఆ మాంసం చవక. దుబాయి నుంచి సెలవుకు వచ్చిన మగవాళ్లకు అక్కడి ప్యాకెట్ మాంసం నోటికి అలవాటైంది. రాజవ్వ గొర్రె ముదురని వంకలు పెట్టారు. చవకగా వస్తే ఎవరు కాదంటారు? మా అమ్మా కాదనలేదు.

ఒక ఆదివారం సగం పోగులు అలాగే ఉండిపోయాయి. ఎండెక్కేదాకా చూసి, వాటిని రాజవ్వే ఇంటింటికీ మోసుకొచ్చింది. మా పొయ్యి మీద అప్పటికే కోరుట్ల మాంసం ఉడుకుతోంది. అమ్మ తల దించుకుంది. ఉప్పూ పసుపూ రాసిపెడితే రేపటికి పాడవదని చెప్పి, ఆకును గడప లోపల పెట్టి వెళ్లిపోయింది రాజవ్వ. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

వానలకు ముందే మందను జగిత్యాల బేరగాడికి అమ్మేసింది. పోచమ్మ బోనాలు వచ్చేసరికి పెద్దమనుషులు ఆమె వాకిట్లో నిలబడ్డారు. అమ్మవారికి మన ఊళ్లో పెరిగిన గొర్రే కావాలట.

"పోచమ్మకేమో ఊరి గొర్రె గావాలె, మీకు లారీ గొర్రె సాలునా?" అన్నది రాజవ్వ. పెద్దమనుషులు దొడ్డి వైపు చూశారు. మిగిలింది ఖాళీ దొడ్డే.

ఆ ఏడు పోచమ్మకూ లారీ గొర్రెనే తెచ్చారు. రాజవ్వ గుడి దాకా వచ్చింది. అందరినీ దెప్పుతుందనుకున్నాను. ఆమె ఆ గొర్రె పక్కన కూర్చుని, వీపు నిమిరి, "దీన్ని సాదినామె గూడ ఏడ్సుకుంటనే అమ్మి ఉంటది బిడ్డా" అన్నది.

రాజవ్వ ఇప్పుడు లేదు. ఆమె మందను మేము నిలుపుకోలేకపోయాం, ఆ బాధ పోదు. మాంసం కొన్నప్పుడల్లా, ఎక్కడో దూరాన ఆ గొర్రెను పెంచిన, పేరైనా తెలియని ఆ మనిషే గుర్తొస్తుంది. ఆమె దొడ్లోనైనా ఇంకా నాలుగు గొర్రెలు మిగిలాయో లేదో.