అట్టముక్కల కాలనీ

బొగ్గుబాయి మూతపడ్డంక మందమర్రిల ఓదెలు ఉండే కాలనీ ఖాళీ అయింది. భార్య పోయి ఏడాదాయె, మాట్లాడ మనిషి లేడు. పొద్దువోక, ఇంట్ల పడున్న అట్టడబ్బలు కోసి, మైదపిండి లైతో అతికిచ్చి, ఇరుగుపొరుగు ఇండ్లన్నీ చిన్నచిన్నగ చేసుడు మొదలువెట్టిండు.

ఒకనాడు, ఎన్కట పక్కింట్ల ఉన్న రాజవ్వ మంచిర్యాల నుంచి ఏదో పని మీద వచ్చింది. అట్టలతోని చేసిన తన ఇల్లు చూసి నవ్వింది.

"మా ఇంటి ముంగటి జామచెట్టేదన్నా?"

"చెట్టు చేసుడు నాకు రాలే చెల్లె."

ఆమె కూసొని, కోడిగుడ్ల అట్ట చింపి, ఓ చెట్టు చేసి నిలవెట్టింది. ఓదెలు సంబురంగ చాయ్ పెట్టిండు. తాగంగనే ఆమె బస్సుకు లేచింది.

"మల్ల ఎప్పుడొస్తవ్?"

"ఈడ నాకింక ఎవరున్నరన్నా, వచ్చేటందుకు!"

ఆమె పోయినంక ఓదెలు, చెట్టు ఒరుగుతుంటే, లై ఆరేదాక వేలుతోని పట్టుకొని కూసున్నడు.